చల్క మట్టి, తాటికమ్మల నీడ: పెరట్లో అనాస పెంచే తీరు

అనాస రాత్రిపూట పనిచేసే మొక్క. పగలు ఎండ కాస్తున్నంతసేపూ ఆకు మీది సన్నటి రంధ్రాలు మూసుకొని ఉంటాయి. చీకటి పడి గాలి చల్లబడ్డాక తెరుచుకొని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి. పీల్చిన వాయువు పులుపుగా మారి ఆకులో నిలవ ఉంటుంది. తెల్లవారాక రంధ్రాలు మళ్లీ మూసుకుంటాయి, మొక్క ఆ నిలవతోనే ఎండలో ఆహారం తయారుచేసుకుంటుంది. పగలు ఆవిరై పోయే నీరు చాలా తక్కువ కాబట్టి వరికో మొక్కజొన్నకో కావలసిన నీళ్లలో చిన్న వంతుతోనే ఇది బతుకుతుంది.

ఇది తెలిస్తే కరీంనగర్, ఆదిలాబాద్ ఎండల్లో అనాసను ఎట్లా నిలబెట్టుకోవాలో సగం తెలిసినట్టే. మే నెలలో రామగుండంలో పగలు 45 డిగ్రీలు దాటుతుంది, రాత్రి కూడా గోడలు సెగలు కక్కుతుంటాయి. రాత్రి చల్లబడకపోతే ఈ మొక్కకు పని సాగదు. అది పెరగదు, ఊరికే ఓర్చుకుంటుంది. అట్లాంటప్పుడు ఎరువు వేసినా, పొద్దుమాపూ నీళ్లు గుమ్మరించినా మేలు జరగదు, కీడే జరుగుతుంది. మన దగ్గర అనాస ఎదిగేది వానకాలంలో, చలికాలం మొదట్లో. ఎండాకాలంలో దాన్ని కాపాడుకోవాలంతే.

అనాస బ్రొమీలియేసీ కుటుంబానికి చెందినది. ఈ కుటుంబంలో మూడు వేలకు పైగా జాతులున్నాయి. పశ్చిమ ఆఫ్రికాలో ఉన్న ఒక్క జాతిని మినహాయిస్తే అన్నీ అమెరికా ఖండాలవే. నర్సరీల్లో ఎర్రటి పూమొవ్వుతో కుండీలో అమ్మే గుజ్మానియా కూడా దీని చుట్టమే. మనం తినే పండు మాత్రం అనాస ఒక్కటే. 1493లో కొలంబస్ మనుషులు గ్వాడలూప్ దీవిలో దీన్ని చూశారు. పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో మన దేశానికి తెచ్చారు. ఆగ్రాలోని తోటలో అనాసలు కాస్తున్నాయని జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఆగ్రా ఎండ మన ఎండకు తీసిపోదు. కాపాడేవాళ్లు ఉంటే ఈ మొక్క బతుకుతుందనడానికి అదొక సాక్ష్యం.

తెలుగు నేల మీద అనాసను పంటగా ఎక్కువగా పండించేది సీతంపేట ఏజెన్సీలోని సవరలు. ఇప్పుడది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. కొండవాలులో, చెట్ల నీడలో, నీరు నిలవని ఎర్రమట్టిలో వాళ్లు ఈ తోటలు వేస్తారు. పండ్లు కొండ దిగి సంతలకు వస్తాయి. మన ఆదిలాబాద్‌లోనూ అడవులున్నాయి, కొండలున్నాయి. వాన కూడా తక్కువేమీ కాదు, ఏడాదికి సగటున వెయ్యి మిల్లీమీటర్లకు పైనే పడుతుంది, అనాసకు అది సరిపోతుంది. అడ్డమల్లా మూడు: నీరు పట్టి ఉంచే నల్లరేగడి, మే నెల సెగ, డిసెంబరు చలి. అందుకే ఎకరాల్లో అనాస వెయ్యమని నేను ఇక్కడి రైతుకు చెప్పను. పెరట్లో పది దుబ్బులు, డాబా మీద నాలుగు కుండీలు, మామిడి తోట గట్టున ఒక వరస అంటే మాత్రం ధైర్యంగా పెట్టుకోమంటాను. ఎందుకంటే మనకు లారీల్లో వచ్చే అనాసను దూరప్రయాణం తట్టుకోవాలని పచ్చిగానే కోస్తారు. కోసిన తర్వాత అనాస రంగు మారుతుంది, మెత్తబడుతుంది, తీపి మాత్రం పెరగదు. మొక్క మీదే పండిన అనాస రుచి ఈ జిల్లాల్లో చాలామందికి తెలియదు. దాదాపు రెండేళ్లు ఎదురుచూడటానికి అది చాలిన కారణం.

మొదటి పని మొక్క సంపాదించడం. కొనాల్సిన అవసరం లేదు. మంచిర్యాల బస్టాండు ముందో, కరీంనగర్ టవర్ సర్కిల్ దగ్గరో పైనాపిల్ బండి కనిపిస్తే ఆగి పండు కొనండి. బండివాళ్లు తొక్కు తీసేముందు పైనున్న ఆకుల కుచ్చును తిప్పి పారేస్తారు. “అన్నా, జుట్టు పారెయ్యకు, గట్లనే ఇయ్యి” అంటే సంతోషంగా ఇస్తారు. ఆ కిరీటమే మన విత్తనం. దాని నడిమి ఆకులు పచ్చగా, బిగువుగా ఉండాలి. మొవ్వు లాగితే ఊడివచ్చేదీ, లోపల గోధుమరంగు తిరిగినదీ పనికిరాదు. ఐసు మీద పెట్టిన పండు కిరీటం కూడా వద్దు, చలికి దాని మొవ్వు దెబ్బతిని ఉండవచ్చు. తెలిసినవాళ్ల దగ్గర పెరిగిన దుబ్బు ఉంటే మొదట్లోంచి వచ్చే పిలక ఇంకా మేలు. పిలక నాటితే పన్నెండు నుంచి పద్దెనిమిది నెలల్లో పూతకు వస్తుంది. కిరీటానికి అంతకన్నా ఎక్కువ పడుతుంది, ఒక్కోసారి రెండేళ్లకు దగ్గరవుతుంది.

రకం సంగతి ఒక మాట. ఆకు అంచున ముళ్లు లేకుండా, కొసన మాత్రమే గుచ్చుకుంటూ, పండు రెండు కిలోల దాకా తూగేది క్యూ రకం. ఆకు నిండా ముళ్లు, చిన్న పండు, బంగారు రంగు కండ, గట్టి తీపి ఉంటే అది క్వీన్ జాతిది. కేరళలో వాళక్కుళం చుట్టుపక్కల విరివిగా పండించే మారిషస్ రకం కూడా ఈ జాతిదే. పెరటికి నా ఓటు మారిషస్‌కే. దుబ్బు చిన్నది, కుండీలో ఇముడుతుంది, త్వరగా కాపుకు వస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో మాత్రం ముళ్లు లేని క్యూ పెట్టుకోవడం మంచిది.

ఇంటికి తెచ్చిన కిరీటానికి అంటుకొని ఉన్న పండు కండనంతా తీసెయ్యాలి. వేలెడంత కండ మిగిలినా అది కుళ్లి మొక్కను తీసుకుపోతుంది. కింది ఆకులను ఒక్కొక్కటిగా కిందికి లాగి ఒలిస్తే రెండు మూడు సెంటీమీటర్ల కాడ బయటపడుతుంది. దాని మీద గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి, అవే వేరు మొటిమలు. ఇప్పుడు దాన్ని తలకిందులుగా నీడలో, గాలి తగిలేచోట వారం రోజులు పెట్టండి. అన్నిరోజులు మట్టి లేకుండా, నీళ్లు లేకుండా ఉంటే చచ్చిపోతుందేమోనని భయం అక్కర్లేదు. కోసిన గాయం ఎండి గట్టిపడటమే ఇక్కడ కావలసింది. తడి గాయంతో నాటితే కుళ్లు తెగులు అక్కడినుంచే లోపలికి పోతుంది. నీళ్ల గ్లాసులో నిలబెట్టి వేర్లు రప్పించే పద్ధతి చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నీళ్లలో వచ్చిన వేరు మట్టిలో పెట్టగానే చాలావరకు చస్తుంది, మొక్క మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఆరబెట్టి నేరుగా మట్టిలో నాటడమే నాకు నచ్చిన దారి. నాటేముందు కాడ మొదలును ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కలిపిన నీళ్లలో ముంచితే ఇంకా భద్రం.

మట్టి విషయంలో తొందరపడకూడదు, ఎందుకంటే ఈ పనిలో గెలుపోటములు ఇక్కడే తేలతాయి. అనాస వేరు లోతుకు పోదు, పై జానెడు మట్టిలోనే తిరుగుతుంది. దానికి గాలి కావాలి, కాస్త పులుపు నేల కావాలి, ఉదజని సూచిక 5, 6 మధ్య ఉంటే బాగుంటుంది. ఆదిలాబాద్, నిర్మల్ వైపు నల్లరేగడి ఇందుకు పూర్తిగా విరుద్ధం. వానకు ముద్దవుతుంది, ఎండకు నెర్రెలిచ్చి వేళ్లను తెంపుతుంది, సున్నం పాలు కూడా ఎక్కువ. ఎంత ఎరువు కలిపినా నల్లరేగడి అనాసకు మట్టి కాదు. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు దొరికే ఎర్ర చల్క మట్టి తెచ్చుకోండి. రెండు పాళ్లు చల్క, ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు నానబెట్టి కడిగిన కొబ్బరి పొట్టు, ఒక పాలు బాగా మాగిన పెంట ఎరువు లేదా వర్మీకంపోస్టు కలపాలి. ఆదిలాబాద్ వాళ్లకు ఇంకో అదృష్టం ఉంది, టేకాకు. అడవి అంచున రాలి, ఒక వానకాలం గడిచి, నలిపితే పొడి అయ్యే ఆకును ఈ మిశ్రమంలో కలిపితే మట్టి గుల్లబారుతుంది. ఒక్కటి మాత్రం చెయ్యకండి: పొయ్యి బూడిద వెయ్యడం. ఇంటి మొక్కలన్నిటికీ బూడిద చల్లే అలవాటు మనకుంది. అనాసకు అది పడదు, నేలలో ఉన్న కాస్త పులుపునూ చంపేస్తుంది. సున్నమూ అంతే.

కుండీ అయితే పన్నెండు నుంచి పద్నాలుగు అంగుళాల వెడల్పు చాలు, అడుగున రంధ్రాలు నాలుగైదు ఉండాలి. డాబా మీద పెట్టేటప్పుడు ఇటుకల మీద ఎత్తి పెట్టండి, స్లాబు వేడి నేరుగా కుండీకి ఎక్కకుండా ఉంటుంది. నేలలో నాటేవాళ్లు పసుపు వేసే రైతును చూసి నేర్చుకోవచ్చు. జగిత్యాల, మెట్‌పల్లి వైపు పసుపుకు ఎత్తుమడి చేసినట్టే దీనికీ చెయ్యాలి. అడుగెత్తు మడి, పక్కన నీరు పోయే కాలువ. మడి మీద రెండు వరసలు, వరసల మధ్య రెండడుగులు, మొక్కకు మొక్కకు అడుగు. పెద్ద తోటల్లో హెక్టారుకు నలభై మూడు వేల పైచిలుకు మొక్కలు పట్టే కొలత ఇది. పెరట్లో ఇంకాస్త ఎడంగా పెట్టినా నష్టం లేదు. చేతికి ముల్లు గీరకుండా కలుపు తీయొచ్చు.

నాటే అదును మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక. రోహిణి ఎండల్లో నాటవద్దు. కిరీటాన్ని రెండంగుళాల లోతున పెట్టి చుట్టూ మట్టిని వేళ్లతో గట్టిగా అదమాలి. మట్టి మొవ్వులో పడకూడదు, పడితే మొవ్వు కుళ్లుతుంది. మొదటి నీళ్లు పోశాక ఇక వారం దాకా ముట్టుకోవద్దు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో వేరు పట్టుకుంటుంది. వేరు వచ్చిందా అని లాగి చూడటం మొక్కకు మంచిది కాదు. మొవ్వులో కొత్త ఆకు లేత పచ్చగా లేస్తే వేరు పట్టినట్టే.

ఆ వానకాలమంతా పని తక్కువ. ముసురు పట్టినప్పుడు కుండీ కింద నీరు నిలవకుండా చూసుకోవాలి. వేరు కుళ్లు, మొవ్వు కుళ్లు తెచ్చే ఫైటోఫ్తోరా అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి నిలవ నీటిలోనే బలుస్తుంది. మొవ్వు ఆకు పసుపు తిరిగి, పట్టుకుంటే ఊడివచ్చి, కింద నుంచి చెడు వాసన వస్తే ఆ మొక్క మీద ఆశ వదులుకొని మట్టితో సహా దూరంగా పారెయ్యాలి. పక్క మొక్కలను కాపాడుకోవడం ముఖ్యం.

ఎరువు ఆగస్టు నుంచి మొదలుపెట్టొచ్చు. పెద్ద సాగులో మొక్క మొత్తం జీవితానికి 12 గ్రాముల నత్రజని, 4 గ్రాముల భాస్వరం, 12 గ్రాముల పొటాష్ ఇవ్వాలని చెబుతారు. లెక్క కడితే సుమారు 26 గ్రాముల యూరియా, 25 గ్రాముల సూపర్ ఫాస్ఫేటు, 20 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్. సూపర్ నాటేటప్పుడే మట్టిలో కలిపి, మిగతా రెండింటినీ ఐదారు సార్లుగా, పెరిగే నెలల్లో మాత్రమే ఇవ్వాలి. ఈ మొక్కకు ఆకు ద్వారా మేత తీసుకునే శక్తి బాగా ఉంది. ఆకు మొదళ్లు దోసిలిలా ఉండి, పడిన మంచునూ వాననూ పట్టుకుంటాయి. లీటరు నీటికి 10 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం పూట ఆకుల మీద చిలకరిస్తే మొక్క రాత్రికి రాత్రే అందుకుంటుంది.

మన బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ. ఏడాది తిరిగేసరికి లేత ఆకు తెల్లబారడం మొదలుపెడుతుంది. నత్రజని తక్కువైందనుకొని యూరియా పెంచితే లాభం లేదు, అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేక కాదు, సున్నం వల్ల వేరుకు అందక. హవాయి తోటల్లో ఒకప్పుడు వేరే కారణంతో, నేలలో మాంగనీసు ఎక్కువై, ఇదే పసుపు తెగులు వచ్చింది. 1916 ప్రాంతంలో ఇనుప లవణాన్ని ఆకుల మీద చల్లి దాన్ని నయం చేశారు. ఆ మందు మన ఊరి ఎరువుల దుకాణంలోనూ దొరుకుతుంది, అన్నభేది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, అర గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారానికోసారి రెండు మూడు తడవలు చల్లితే ఆకు పచ్చబడుతుంది. వరి నారుమడికి చల్లినవాళ్లకు ఇది కొత్త కాదు. వీలైతే వాననీళ్లు డ్రమ్ములో పట్టి ఉంచుకొని అవే పొయ్యండి, సగం బాధ తప్పుతుంది.

చలికాలం ఆదిలాబాద్ వాళ్లకు పరీక్ష. సిర్పూర్ (యు), బేల, తిర్యాణి వైపు డిసెంబరు, జనవరి నెలల్లో రాత్రి ఉష్ణోగ్రత ఒక్కోసారి 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆకులు ఎర్రబారుతాయి, పెరుగుదల ఆగుతుంది. ఆకు ఎర్రబారడం చూసి కంగారు పడనక్కర్లేదు. కుండీలను దక్షిణం వైపు గోడ వారకు జరిపి, రాత్రిళ్లు గోనెసంచి కప్పి, పొద్దున తీసెయ్యాలి. ఈ రెండు నెలలు మాత్రం నీళ్లు పొద్దున్నే పొయ్యాలి, పది పన్నెండు రోజులకోసారి చాలు.

శివరాత్రి దాటగానే ఎండాకాలం ఏర్పాట్లు చూసుకోవాలి. పడమటి ఎండ ఆకును కాల్చేస్తుంది, కాలిన చోట తెల్లటి మచ్చ పడి ఎండిపోతుంది. 50 శాతం నీడనిచ్చే గ్రీన్ నెట్ కట్టొచ్చు. అంతకన్నా తాటికమ్మల పందిరి నాకు ఇష్టం. దాని కింద గాలి ఆడుతుంది, నీడ పలచగా కదులుతూ ఉంటుంది. మొదలు చుట్టూ వరిగడ్డో, ఎండు టేకాకో నాలుగంగుళాల మందాన పరిస్తే పై మట్టిలో ఉన్న వేరు మాడిపోదు. నీళ్లు కుండీకి మూడు నాలుగు రోజులకోసారి, నేలలో ఉన్నవాటికి వారం పది రోజులకోసారి, పొద్దుగుంకాక. మట్ట మధ్యాహ్నం మొవ్వులో నీళ్లు పొయ్యొద్దు. మార్చి నడుమ నుంచి మృగశిర దాకా ఎరువు మాట ఎత్తొద్దు. మామిడి తోట ఉన్నవాళ్లు చిన్న చెట్ల తూర్పు వైపు వరస పెడితే పందిరి ఖర్చు తప్పుతుంది. ముదురు చెట్ల చిక్కటి నీడ మాత్రం పనికిరాదు, ఆకు సాగుతుంది గానీ పూత రాదు.

రెండో వానకాలంలో దుబ్బు ఒక్కసారిగా విచ్చుకుంటుంది. వినాయక చవితి నాటికి ఆకులు లెక్కపెట్టండి. ముప్ఫై అయిదు, నలభై దాకా ఉంటే పూతకు సిద్ధం. తక్కువుంటే ఆగాలి. చిన్న దుబ్బును తొందరపెట్టి పూయిస్తే చిన్న పండే వస్తుంది.

పూత తెప్పించడం ఈ మొక్కలో అన్నిటికన్నా ఆసక్తికరమైన పని. వదిలేస్తే చలికి, పగటిపొద్దు తగ్గడానికి అదే డిసెంబరు, జనవరిలో మొవ్వు వేసి పూస్తుంది. అప్పుడు పండు జూన్ దగ్గర చేతికొస్తుంది, అంటే కాయ ఊరే నెలలన్నీ మండుటెండల్లో పడతాయి. కాయ ఎండకు మాడిపోయేది అందుకే. మనం దసరాకు కాస్త ముందే, ఉత్తర, హస్త కార్తెల్లో పూతకు పురికొల్పితే పండు మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వస్తుంది. ఉత్తర తెలంగాణకు ఈ లెక్కే సరైనదని నా గట్టి నమ్మకం.

19వ శతాబ్దం చివర అజోర్స్ దీవుల్లోని గాజు ఇళ్లలో, పొగ తగిలిన అనాసలన్నీ ఒకేసారి పూస్తాయని గమనించారు. పొగలో ఉన్న ఇథిలీన్ వాయువే కారణమని తర్వాత తేలింది. పండుతున్న అరటి, ఆపిల్ పండ్ల నుంచి వెలువడేదీ అదే. ఒకటి రెండు కుండీలున్నవాళ్లు మొక్క మొదట్లో బాగా పండిన ఆపిల్‌నో రెండు అరటిపండ్లనో పెట్టి, మొక్కంతటికీ పాలిథీన్ సంచి తొడిగి మూతి కట్టి, నీడలో మూడు నాలుగు రోజులు ఉంచితే చాలు. ఎండలో ఉంచితే లోపల ఉడికిపోతుంది, జాగ్రత్త. ఎక్కువ మొక్కలుంటే ఇథిలీన్‌ను విడుదల చేసే ఎథ్రెల్ అనే మందు వాడతారు. 15 లీటర్ల పంపు నీటికి 39 శాతం మందు ఒక్క మిల్లీలీటరు, 300 గ్రాముల యూరియా, 6 గ్రాముల బట్టల సోడా కలిపి మొక్కకు 50 మిల్లీలీటర్ల చొప్పున మొవ్వులో పొయ్యాలి. వాన లేని రోజు, చల్లటి పూట చెయ్యాలి, చేతికి తొడుగులు తప్పనిసరి. కార్బైడ్ గడ్డలతోనూ పూత వస్తుంది గానీ ఇంట్లో దాని జోలికి పోవద్దు. నీరు తగిలితే అది విడుదల చేసే గ్యాసు మంటను అంటుకుంటుంది.

నలభై నుంచి అరవై రోజుల్లో మొవ్వు నడుమ ఎర్రటి చుక్క కనిపిస్తుంది. అది పైకి లేచి, చుట్టూ వందకు పైగా ఊదారంగు చిన్న పూలు కింది నుంచి పైకి వరసగా విచ్చుకుంటాయి. ఒక్కో పువ్వు ఒక్క రోజే. ఆ పూలన్నీ కలిసిపోయి ఒక్క పండవుతాయి, పండు మీది ఒక్కో కన్ను ఒకప్పటి ఒక్కో పువ్వు. తేనెటీగల అవసరం లేకుండానే కాయ ఊరుతుంది. గింజలు లేకపోవడమూ అందుకే.

ఇక్కడి నుంచి కాపలా పని. మొదట చీమలను చూడండి. చీమలు బారులు కట్టి మొక్క ఎక్కుతున్నాయంటే ఆకు మొదళ్లలో పిండినల్లి ఉన్నట్టే. చీమలే దాన్ని మోసుకొచ్చి పెంచుతాయి. పిండినల్లి మోసుకొచ్చే వైరస్‌తో ఆకులు ఎర్రబడి కొసల నుంచి ఎండుతూ మొక్క వాడిపోతుంది. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీరు కలిపి ఆకు మొదళ్లు తడిసేలా కొట్టాలి. చీమల దారి తెగేలా కుండీని నీళ్ల పళ్లెంలో ఇటుక మీద పెడితే ఇంకా మంచిది. కాయ బరువుకు కాడ వాలుతుంది కాబట్టి రెండు కర్రలు పాతి వదులుగా కట్టాలి. ఫిబ్రవరి నుంచి కాయ పడమటి పక్కన వరిగడ్డి కప్పాలి, లేదా మొక్క ఆకులనే పైకి చేర్చి సుతిలితో కట్టాలి. ఆపై కోతులు. మన ఊళ్లలో కోతుల వల్ల జామ, బొప్పాయి పెంచడం మానుకున్న ఇళ్లు ఎన్నో. అనాస ముళ్లు వాటిని కొంతవరకు ఆపుతాయి, పండు వాసన మొదలయ్యాక ఆపలేవు. ఇనుప జాలిని గుండ్రంగా చుట్టి, అడుగున రాళ్లతో అదిమి, పైన కూడా మూసెయ్యాలి. ఎలుకలకూ అదే కాపు.

కాయ కింది కళ్లు ఉబ్బు తగ్గి చదునుగా అవుతాయి, అడుగు నుంచి పసుపు పైకి పాకుతుంది. సగానికి పసుపు వచ్చి, దగ్గరికి పోతే వాసన తెలిసినప్పుడు కోయాలి. రెండంగుళాల కాడ ఉంచి పదునైన కత్తితో తెల్లవారుజామున కోయండి. కోసిన పండు ఎండాకాలపు ఇంట్లో మూడు నాలుగు రోజులకు మించి నిలవదు. తింటే నాలుక చురచురలాడేది బ్రొమెలైన్ అనే ఎంజైము వల్ల. కళ్లు లోతుగా తీసి, నడిమి గట్టి దుంగ వదిలేసి, ముక్కలకు కాస్త ఉప్పు పట్టించి తింటే బాధ తగ్గుతుంది.

పండిచ్చిన తల్లి మొక్క మళ్లీ కాయదు. మొదట్లో లేచిన పిలకల్లో బలమైనదాన్ని ఒక్కదాన్నే ఉంచి, మిగతావి చేయెడంత అయ్యాక విరిచి, ఆరబెట్టి వేరే నాటుకోవాలి. తల్లి పాత ఆకులను సగానికి కోసి మొదలు చుట్టూ పరిచి, పై మట్టి నాలుగంగుళాలు ఎగదొయ్యాలి, లేకపోతే పిలక వేరు గాలిలో వేలాడుతుంది. ఉంచిన పిలకకు రెండో కాపు మొదటిదానికన్నా తొందరగా, కాస్త చిన్నగా వస్తుంది. మూడో కాపుకు పండు మరీ చిన్నదవుతుంది, కాబట్టి రెండు కాపులు కాగానే దుబ్బు పీకేసి, కుండీలో మట్టి మార్చి, ఆ పిలకల్లో ఒకదాన్ని వచ్చే మృగశిరకు మళ్లీ పెట్టుకోవాలి.